బస్టాండు గొంతుకు మూలం కావలెను

ఆ ఊరి బస్టాండులో ఆయన మాట వినకుండా బస్సెక్కినవాడు లేడు. ఆయన ఇంట్లో ఆయన మాట విన్నవాడూ లేడు. ఈ రెంటి నడుమ ఒక నిండు జీవితం గడిచింది కనుక, దాన్ని గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవడంలో తప్పులేదు.

మేనకోడలు చిన్నతనంలో పెట్టిన ‘మైకు మామయ్య’ అన్న పేరు ఇల్లు దాటి, వీధి దాటి, చివరికి పింఛను కార్యాలయంలో గుమాస్తా నోటిదాకా పాకింది. ఆయన కూడా మొదట టికెట్ల కిటికీ వెనక గుమాస్తాగానే చేరారు. ఒక వానాకాలం పొద్దున అప్పటి ప్రకటనల ఉద్యోగికి గొంతు పూడుకుపోయింది. కంట్రోలరు కిటికీల వరసంతా పరికించి, ‘చిల్లర లేదు’ అన్న మాటను కూడా వినసొంపుగా చెబుతున్న గుమాస్తాను రెక్క పట్టుకుని లేపి మైకు ముందు కూర్చోబెట్టారు. ఆ పూటకని కూర్చున్న మనిషి పదవీ విరమణ దాకా లేవలేదు.

ఆయన పద్ధతి ఆయనది. ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని ఆగేవారు. అలా ఆగినప్పుడు బస్టాండంతా ఊపిరి బిగబట్టేదని ఆయన నమ్మకం. అప్పుడే తాము సంచులు లెక్క చూసుకునేవాళ్ళమని ప్రయాణికుల వాదన. ఆ తర్వాత బస్సు వెళ్ళే ఊరు, ప్లాట్‌ఫారం నంబరు, చివర ‘బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది’. ఆ ‘ఉన్నది’ని ఆయన ఎంత ధీమాగా పలికేవారంటే, ఇంకా డిపోలో టైరు మార్పించుకుంటున్న బస్సుకు కూడా తాను ప్లాట్‌ఫారం మీదే ఉన్నానేమోనన్న అనుమానం వచ్చేది.

ఇంట్లో మాత్రం ఆ ధీమా గుమ్మం బయట చెప్పులతోపాటే ఆగిపోయేది. వంటింట్లోంచి ‘ఉప్పు సరిపోయిందా?’ అని కేక వేస్తే, ఆయన జవాబు చెప్పేలోపల భోజనం అయిపోయి కంచం కడగడానికి కూడా వెళ్ళిపోయేది. “ఈయన నోరు పెగలాలంటే వంటింట్లో ఒక మైకు, నాలుగు బస్సులు పెట్టించాలి” అని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఉద్యోగం చివరి రోజుల్లో రవాణా శాఖవారు కంప్యూటరు తెప్పించారు. ఇకమీదట ప్రకటనలన్నీ అదే చేస్తుందన్నారు. అయితే దానికి తెలివి ఉంది గానీ గొంతు లేదు. అందుకని ప్రయాణికుల సామాన్లు దాచే గదిలో గోడలకు దుప్పట్లు కట్టి, మైకు మామయ్యను లోపల కూర్చోబెట్టి, ఒక్కొక్క మాటే విడివిడిగా చెప్పమన్నారు. ఊర్ల పేర్లు, అంకెలు, ‘ఆలస్యముగా’, ‘సిద్ధముగా’, ‘విజ్ఞప్తి’.

“మొత్తం వాక్యం చెబుతానండీ, అర్థం ఉంటుంది” అన్నారాయన.

“అర్థం మేం అతికించుకుంటామండీ” అన్నాడు కంప్యూటరు ఇంజనీరు.

ఆయన ‘తొమ్మిది’ అంటున్న క్షణాన భార్య భోజనం క్యారియరుతో లోపలికి వచ్చింది. గదిలో ఏ మహత్కార్యం జరుగుతోందో తెలియక మూత తీసి బల్లమీద పెట్టింది. ఠంగుమంది. ఇంజనీరుకు అప్పటికే ఆకలేస్తోంది కాబట్టి మళ్ళీ చెప్పించకుండా ఆ చప్పుడును అలాగే వదిలేశాడు. నాటినుంచి నేటిదాకా ఆ బస్టాండులో తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫారానికి మాత్రమే చిన్న గంట మోగుతుంది. అదేదో ఆ ప్లాట్‌ఫారానికి ప్రత్యేక గౌరవమని జనం అనుకుంటారు.

పదవీ విరమణ తర్వాత మైకు మామయ్య రోజూ పొద్దున్నే బస్టాండుకు వెళ్ళి, బెంచీ మీద కూర్చుని తన మాట తాను వినేవారు. పెట్టెలో ఉన్న తాను బాగా చెబితే తల ఊపేవారు. ఇంతకంటే నిర్మలమైన వృద్ధాప్యం ఉండదు. అది అలాగే సాగిపోయేదే, ఒకరోజు ఆయన ఫోనులో బస్టాండు గురించి వెతక్కుండా ఉంటే.

ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. దాన్ని ఎవరైనా చదవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసిందైనా ఇంకెవరైనా తీసేయవచ్చు. అందులో ఆ బస్టాండుకు ఒక పేజీ, ఆ పేజీలో ఒక వాక్యం: ‘ఇక్కడి ప్రకటనలు కంప్యూటరు సృష్టించిన గొంతులో వినిపిస్తాయి.’ దాని పక్కన చిన్న అంకె. ఆ అంకె నొక్కితే, ఆ మాటకు మూలం, అంటే ఆధారం: కంప్యూటరు ప్రారంభోత్సవం నాడు పత్రికలో పడిన వార్త వివరాలు.

మైకు మామయ్యకు పొలమారింది. అప్పుడాయన ఏమీ తాగడం లేదు, తినడమూ లేదు. ఊరికే పొలమారింది. ‘కంప్యూటరు సృష్టించిన గొంతు’! ఇన్నాళ్ళూ తల ఊపింది ఎవరికి?

వెంటనే ఆ వాక్యాన్ని చెరిపి తన చేత్తో ఇలా రాశారు: ‘ఇది కంప్యూటరు గొంతు కాదు. మృదుమధుర గంభీర స్వరంతో లక్షలాది ప్రయాణికులను క్షేమంగా గమ్యం చేర్చిన మహోన్నత ప్రకటనకర్త గొంతు.’ ప్రయాణికులను గమ్యం చేర్చడంలో డ్రైవర్ల పాత్ర గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

గ్లాసులో టీ చల్లారేలోపు ఆ వాక్యం మాయమైంది. పాతది మళ్ళీ ప్రత్యక్షమైంది. పక్కన ఎవరో రాసిన గమనిక: ‘మూలం లేదు. పొగడ్త.’ ఆయన పొగడ్తను తగ్గించి, ‘మహోన్నత’ తీసేసి మళ్ళీ రాశారు. మళ్ళీ పోయింది: ‘మూలం లేదు.’ మూడోసారి, మూలం అన్నచోట ‘నేనే’ అని రాశారు. అది మిగతావాటికంటే వేగంగా పోయింది.

ఆ ఆదివారం మేనకోడలు భోజనానికి వచ్చింది. ఆమెకు రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం. అక్కడ నమూనా లేనిదే ఫలితం చెప్పరు. మనిషి చూడ్డానికి దుక్కలా ఉన్నాడనో, బొత్తిగా పాలిపోయాడనో కాగితం మీద రాయరు. ఆ అలవాటు ఆమె మాటలోకీ దిగింది. కంచాల ముందు కూర్చున్నారో లేదో, మైకు మామయ్య నోరు విప్పారు. భార్య గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది.

“ఎవడో ఉన్నాడమ్మా అక్కడ. పనీపాటా లేని వెధవ! నేను రాయడం, వాడు చెరపడం. పెళ్ళాం బిడ్డలు లేరనుకుంటా వాడికి.”

“లేరు మామయ్యా” అంది మేనకోడలు ముద్ద కలుపుతూ. “పెళ్ళి కాలేదుగా ఇంకా. నేనే.”

మైకు మామయ్య కంచం పక్కకు జరిపారు.

“నువ్వా! నా సొంత మేనకోడలివి, నా రాత నువ్వు చెరిపావా?”

“నువ్వని నాకేం తెలుసు? ఎవరో సొంత డబ్బా కొట్టుకుంటున్నారనుకున్నా.”

“మరిప్పుడు తెలిసిందిగా. మళ్ళీ పెట్టెయ్.”

“తెలిశాక ఇంక అస్సలు ముట్టుకోకూడదు. దాన్ని ప్రయోజన వైరుధ్యం అంటారు.”

“అంటే?”

“అంటే చిన్నప్పుడు నాకు నువ్వు సైకిలు కొనిచ్చావు కదా, ఆ సైకిలెక్కి వచ్చి నీ గురించి రాయకూడదని. మనవాళ్ళ గురించి మనం రాస్తే న్యాయంగా రాయలేం మామయ్యా. బంధుత్వం ఉందని పైకి చెప్పి, పక్కకి తప్పుకోవాలి.”

“సైకిలు పాతదేనే” అన్నారాయన ఆశగా.

“పాతదైనా సరే.”

“పోనీ, నా గొంతు నాదని నేను చెబితే ఏం? నాకంటే ఎవరికి తెలుసు?”

“నీ గురించి నువ్వు చెప్పేది మూలం కాదు. నీతో ఏ సంబంధం లేనివాళ్ళు, అచ్చులో, నీ గురించి రాసి ఉండాలి.”

“సంబంధం లేనివాడికి నా సంగతి ఎలా తెలుస్తుందే?”

“కాపురం చేస్తున్న నాకే తెలియడం లేదు” అంది భార్య, గరిటె దింపి.

మేనకోడలు మాట ప్రకారం నడుచుకుంది. బస్టాండు పేజీకి అనుబంధంగా ఉండే చర్చాపేజీలో, ‘ఆ గొంతు మా మేనమామది. నాకు బంధుత్వం ఉంది కనుక నేను ఈ వాక్యాన్ని మార్చను. దయచేసి ఎవరైనా పరిశీలించండి’ అని రాసి తప్పుకుంది. పరిశీలించడానికి ముందుకు వచ్చిన ఆయన పేరు అక్కడ ‘తూకంరాయి’. ఆయన ఎవరో, ఎక్కడివారో ఎవరికీ తెలియదు. అమిత మర్యాదస్థుడు. ఆయన ‘దయచేసి’ అన్నారంటే ఇక పని జరగదని అర్థం.

తూకంరాయి దయచేసి మూలం అడిగారు.

మైకు మామయ్య రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి ధ్రువపత్రం అడిగారు. అక్కడివారు కాగితాలు తిరగేసి, యంత్రం కొన్నట్టు ఉంది గానీ గొంతు కొన్నట్టు ఎక్కడా లేదన్నారు. ఒకవేళ ఇచ్చినా, జీతం ఇచ్చినవారి మాట స్వతంత్ర మూలం కాదని తూకంరాయి దయచేసి గుర్తుచేశారు. ‘తొమ్మిది’ దగ్గర క్యారియరు మూత వినిపిస్తుందని, కంప్యూటర్లు భోజనం చేయవని మైకు మామయ్య మేనకోడలి చేత చర్చాపేజీలో రాయించారు. ‘ఆసక్తికరం. కానీ మనం విని తేల్చుకున్నది సొంత పరిశోధన అవుతుంది. వేరెవరైనా విని, తేల్చి, ప్రచురించి ఉండాలి’ అని జవాబు.

సరే, ప్రచురింపజేద్దామని ఒక పత్రికా విలేకరికి ఫోను చేశారు. విలేకరి పాపం శ్రద్ధగానే విన్నాడు. విని, ఒక్క నిమిషం అని, తన ఎదురుగా ఉన్న తెరమీద ఏదో చూసుకుని, “సార్, విజ్ఞాన సర్వస్వంలో కంప్యూటరు గొంతని ఉంది కదా?” అన్నాడు.

“అది తప్పని చెప్పడానికేనయ్యా ఫోను చేశాను!”

“దానికి రుజువు?”

రుజువు ఆయన గొంతులోనే ఉంది. దాన్ని సవరించుకుని, అసలు సిసలు బాణీలో, “ప్రయాణికులకు విజ్ఞప్తి” అని మొదలుపెట్టి ‘సిద్ధముగా ఉన్నది’ దాకా చెప్పి, జవాబు కోసం ఎదురుచూశారు.

“సార్, మీరు బస్టాండులో ఉన్నట్టున్నారు. గోలలో ఏం వినపడటం లేదు. ఇంటికెళ్ళాక చేయండి” అని విలేకరి పెట్టేశాడు.

మైకు మామయ్య ఇంట్లోనే, వాలుకుర్చీలో ఉన్నారు.

అన్నం తినడం తగ్గించారు. బస్టాండుకు వెళ్ళడమూ మానేశారు. “నేను చెప్పిందంతా ఎవరిదో అయిపోయాక ఇంక అక్కడ కూర్చుని వినడం దేనికి?” అన్నారొకసారి. ఆ గొంతులో ‘ఆలస్యముగా’ అన్న మాటలో ఉండే దిగులు వినిపించింది. భార్య భరించలేకపోయింది. మేనకోడలు మళ్ళీ వచ్చినప్పుడు, వంటింటి గడప మీద నిలబడి, ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో తగువు లేకుండా ఎవరూ ఎత్తని మాట ఎత్తింది.

“పేపర్లో పడాలంటున్నావు కదే? బ్యాండువాళ్ళ కేసు పడింది. మూడు పేపర్లలో పడింది.”

“దాని ఊసెత్తకు!” అని వాలుకుర్చీ గర్జించింది.

బ్యాండువాళ్ళ కేసు ఇది. బాకాలతో, పెద్ద డోళ్ళతో ఒక బ్యాండు బృందం ఏదో ప్రారంభోత్సవంలో వాయించడానికి ఉత్తరాన ఉన్న ఊరికి బయలుదేరింది. మైకు మామయ్య చెప్పిన ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సులో డోళ్ళు ఎక్కించి, తామూ ఎక్కి, కళాకారులు కనుక వెంటనే నిద్రపోయారు. మెలకువ వచ్చేసరికి దక్షిణాన ఉన్న ఊళ్ళో ఉన్నారు. అక్కడ ప్రారంభించవలసింది ఏమీ లేదు. బ్యాండు మాస్టరు వినియోగదారుల ఫోరానికి ఎక్కాడు. ప్రకటనే తప్పని ఫోరం తేల్చి, శాఖ చేత క్షమాపణ చెప్పించింది. పత్రికలవారు పండగ చేసుకున్నారు.

ఈ తీర్పును మైకు మామయ్య ఏనాడూ అంగీకరించలేదు. తాను సరిగ్గానే చెప్పాననీ, రోజంతా డోళ్ళు బాదేవాళ్ళ చెవులను ఫోరం నమ్మడమేమిటనీ ఆయన వాదం. భార్య వాదం వేరు. ఆ రోజు ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారు. ఆమె దాన్ని పట్టుకుని బస్టాండుకు పరుగెత్తింది. ఆయన జోడు పెట్టుకుని, గోడమీది బస్సుల పట్టిక చూసి, “అయ్యో” అన్నారు.

“అనలేదు” అన్నారాయన ఇప్పుడు.

“అన్నారు. నేను విన్నాను.”

“నువ్వు భార్యవి. స్వతంత్ర మూలానివి కావు” అన్నారు మైకు మామయ్య. విజ్ఞాన సర్వస్వం నియమాల్లో ఆయనకు నచ్చిన మొదటి నియమం అది.

మేనకోడలు ఊరుకోలేదు. సెలవురోజున గ్రంథాలయానికి వెళ్ళి పాత పత్రికల దొంతర దింపించుకుంది. కేసు వార్తలు దొరికాయి. వాటితోపాటు కంప్యూటరు వచ్చిన కొత్తలో పడిన ఒక చిన్న వార్తా దొరికింది. అందులో ఉన్నదిది: ‘బ్యాండు బృందాన్ని దారి తప్పించిన ఉద్యోగి గొంతునే ఇప్పుడు యంత్రంలో బంధించారు. ఇక తప్పు చెప్పమన్నా చెప్పదు.’

తూకంరాయి దాన్ని చదివి, తన తీర్పు వెలువరించారు: ‘మూలం చక్కగా ఉంది. స్వతంత్రమైనది, అచ్చయినది, పొగడ్త బొత్తిగా లేనిది. దీనితో ఆయనకు విడిగా పేజీ రాయడానికి తగినంత ప్రాముఖ్యత చాలదు. బస్టాండు పేజీలో ఒక వాక్యానికి చాలు. అయితే ఆ గొంతు ఫలానా వారిదని చెప్పడానికి ఈ వార్తలో ఉన్న ఆనవాలు ఒక్కటే, బ్యాండు సంగతి. అది తీసేస్తే గొంతు మళ్ళీ ఎవరిదో తెలియదు. ఆయన జీవించి ఉన్నారు, ప్రముఖులు కారు. కాబట్టి వారికి అభ్యంతరమైతే ఏమీ రాయకుండా వదిలేద్దాం. పాత వాక్యం అలాగే ఉంటుంది. దయచేసి కనుక్కుని చెప్పండి.’

“ప్రముఖులు కారట” అని మైకు మామయ్య మొదట దాని దగ్గరే ఆగిపోయారు. ఆ తర్వాత అసలు సంగతి తలకెక్కింది. తప్పు చెప్పిన మనిషిగా ఉంటారా, తప్పెరగని మిషనుగా ఉంటారా, తేల్చుకోవాలి.

“సగం రాయమను. గొంతు నాదన్న సగం.”

“అలా కుదరదు మామయ్యా.”

“అయితే అసలేం వద్దను.”

“సరే. అదే చెబుతాను” అంది మేనకోడలు.

“రేపు చెప్పు” అన్నారాయన కంగారుగా.

మర్నాడు పొద్దున కాళ్ళు ఆయన్ని వాటంతటవే బస్టాండుకు తీసుకుపోయాయి. కళ్ళజోడు బల్లమీదే ఉండిపోయింది. బెంచీ మీద పక్కన ప్లాస్టిక్ బకెట్ల వ్యాపారి, ఆయన పక్కన ఒకదాంట్లో ఒకటి దూర్చిన బకెట్ల స్తంభం. పైన గొంతు ఏదో బస్సు సంగతి చెప్పి ఆగింది.

“ఏమన్నా చెప్పండి, మిషను మిషనే” అన్నాడు బకెట్ల వ్యాపారి. “ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను, ఒక్కనాడన్నా తప్పు చెప్పిందా? అదే మనిషయితేనా! సగం పూట టీలు, సగం పూట కునుకులు.”

“అది మనిషి గొంతేనండీ.”

“భలేవారే.”

“నాదేనండీ.”

వ్యాపారి ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. “అలాగా. నేను మీ బస్సు ఇంజనునండీ.”

“నవ్వకండి! తప్పు చెప్పలేదని ఎవరన్నారు మీతో? చెప్పాను! మామూలు తప్పు కాదు. ఒక బ్యాండు బృందాన్ని బృందాన్నే, డోళ్ళతో సహా, ఉత్తరానికి పోవాల్సినవాళ్ళని దక్షిణానికి పంపించాను. పేపర్లో పడింది. మూడు పేపర్లలో! మీ మిషనుని చెప్పమనండి చూద్దాం, అలాంటి తప్పు!”

ఇరవై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆయనకు ఆ సంగతి తట్టలేదు.

“కోతలు కొయ్యకండి సార్” అన్నాడు వ్యాపారి.

మైకు మామయ్య లేచి నిలబడ్డారు. పిడికిలి మూతి దగ్గర పెట్టుకున్నారు. ఎదురుగా వెలుగుతున్న బోర్డులో మసకమసగ్గా కనిపించిన వరసను పట్టుకుని, ఉద్యోగంలో ఉండగా కూడా పలకనంత నిండుగా పలికారు. “ప్రయాణికులకు విజ్ఞప్తి.” ఆగారు. ఈసారి బస్టాండు నిజంగానే ఊపిరి బిగబట్టింది. ఊరి పేరు చెప్పారు. “ప్లాట్‌ఫారం నంబరు తొమ్మిది నందు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది.”

బెంచీలు ఖాళీ అయ్యాయి. పెట్టెలు లేచాయి, మూటలు లేచాయి, నిద్రపోతున్న పిల్లలు భుజాలకెక్కారు. అందరికంటే ముందు “అరె, నా బస్సే!” అంటూ బకెట్ల స్తంభాన్ని ఎత్తుకుని వ్యాపారి పరుగు తీశాడు. తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఒక ఖాళీ బస్సుకు స్నానం చేయిస్తున్నారు. దాన్ని కడిగే మనిషి, తనవైపు దూసుకొస్తున్న జనసమూహాన్ని చూసి పైపు వదిలేశాడు.

సరిగ్గా అప్పుడే భార్య రొప్పుతూ వచ్చి చేతిలో కళ్ళజోడు పెట్టింది. ఆయన పెట్టుకుని బోర్డు చూశారు. తాను చెప్పిన ఊరి పేరుకు ఎదురుగా ఉన్నది తొమ్మిది కాదు. నాలుగు.

“అయ్యో” అన్నారు మైకు మామయ్య.

“ఆఁ! అదే!” అంది భార్య. “అచ్చం అదే. అప్పుడూ ఇలాగే అన్నారు.”

ఆయన ఆమెవంక చూశారు. కాదనలేదు.

కొత్త కంట్రోలరు గదిలోంచి ఊడిపడ్డాడు. “ఎవరు చెప్పారు? మిషను ఏమీ చెప్పలేదే!”

“నేను చెప్పానండీ.”

“ఇదేమన్నా ఆటనుకున్నారా? అదృష్టం, నాలుగులో బస్సు ఇంకా కదల్లేదు. ఇంకోసారి ఇలా చేస్తే మీమీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాల్సొస్తుంది.”

“ఇవ్వండి” అన్నారు మైకు మామయ్య, కంట్రోలరు రెండు చేతులూ పట్టుకుని. “పత్రికలకు కూడా ఒక నకలు పంపండి. మిషను గొంతుకూ నా గొంతుకూ తేడా తెలియక జనం మోసపోయారని స్పష్టంగా రాయండి. మీకూ నాకూ ఏ సంబంధం లేదు కదా?”

కంట్రోలరు ఆయన్ని వదిలిపెట్టి ఆమెతో, “ఇంటికి తీసుకెళ్ళండమ్మా” అన్నాడు.

ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆగలేదు. దారిలోనే మేనకోడలికి ఫోను చేశారు. “మీ తూకంరాయిని రాసుకోమను. రెండూ.”

“తప్పు సంగతి కూడానా?”

“అదే ముందు రాయమను. మిషను వల్ల అవుతుందా అది?”

ఇప్పుడు ఆ పేజీలో ఇలా ఉంది: ‘ప్రకటనలను కంప్యూటరు కూర్చుతుంది. గొంతు మాత్రం, ఒకప్పుడు పొరపాటు ప్రకటనతో ఒక బ్యాండు బృందాన్ని వేరే ఊరికి పంపిన పూర్వ ఉద్యోగిది.’ పక్కన మూలం అంకె. మైకు మామయ్య దాన్ని ఇంట్లో నిలబడి, పిడికిలి మూతి దగ్గర పెట్టుకుని, ప్రతి ముక్క దగ్గరా ఆగుతూ చదివి వినిపించారు. ఆ ఇంట్లో ఆయన మాట మొదటినుంచి చివరిదాకా విన్నది ఆ రోజే. అయితే ‘ఒక బ్యాండు బృందం’ అంటే సరిపోదనీ, ‘పెద్ద బ్యాండు బృందం’ అనాలనీ ఆయన పట్టుబట్టారు. బృందం ఎంతటిదో మూలంలో లేదని తూకంరాయి దయచేసి తెలిపారు.

“మరి నా మూత?” అంది భార్య. “ఆ తొమ్మిది దగ్గర మోగేది నేనేగా. అది రాయరేం?”

“మూలం కావాలి అత్తయ్యా” అంది మేనకోడలు.

అప్పటినుంచి ఇద్దరూ వెళుతున్నారు బస్టాండుకు. ఆయన మామూలుగా తల ఊపుతూ వింటారు. తొమ్మిదో నంబరు వచ్చి, పైన ఠంగుమన్నప్పుడు మాత్రం ఆమె పక్కన కూర్చున్న ప్రయాణికుల వైపు తిరిగి, “అది నేనండీ” అంటుంది.

వాళ్ళు కొంచెం అవతలికి జరిగి కూర్చుంటారు.